ఇంటి మెట్లకు వైట్ ఓక్ పలకలు: తిరుపతి ఎండకూ ముసురుకూ నిలిచేవి ఎంచుకోవడం ఎలా

తిరుపతిలో ఇల్లు కట్టేవాళ్లు మెట్ల దాకా వచ్చేసరికి గ్రానైట్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోరు. తప్పేం లేదు. రాయి పాత చిత్తూరు జిల్లాలోనే దొరుకుతుంది. కుప్పం గ్రీన్ ఎన్ని ఇళ్లలో చూడలేదు! మన మేస్త్రీలకు రాయి పరచడం వెన్నతో పెట్టిన విద్య. అయినా లోపలి మెట్లకు చెక్కే కావాలని, అందులోనూ లేత రంగు వైట్ ఓక్ కావాలని మీ ఇంట్లో ఎవరో పట్టుబట్టి ఉంటారు. మా ఇంట్లో మా ఆవిడ పట్టుబట్టింది. నేను రంగు చూసి కొనేశాను. ఏప్రిల్లో బిగించాం. నవంబర్ ముసురులో మూడు పలకల అంచులు పడవల్లాగా పైకి లేచాయి. అప్పట్నుంచి తెలిసినవాళ్లు ఎవరు ఓక్ మాట ఎత్తినా నేను రంగు జోలికి పోను. పలక కొస చూపించమంటాను, తేమ ఎంతుందో అడుగుతాను.

వానకు తడిసే బయటి మెట్లకు ఓక్ ఆలోచనే వద్దు, రాయే వెయ్యండి. ఇక్కడ చెప్పేదంతా ఇంటి లోపల కాంక్రీటు మెట్ల మీద పరిచే పలకల గురించి.

ముందు టేపు పట్టుకోండి

చెక్క కొనకముందే మేస్త్రీతో తేల్చుకోవాల్సింది మెట్టు ఎత్తు. కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు 10 అడుగులు, అంటే 3048 మిల్లీమీటర్లు ఉందనుకోండి. 17 ఎత్తులుగా పంచితే ఒక్కోటి 179 మిల్లీమీటర్లు, సుమారు 7 అంగుళాలు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, కాలు పెట్టే వెడల్పు 250కి తగ్గకూడదు. 17 అంటే బేసి సంఖ్య కూడా, కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ రాదు.

చిక్కంతా వేరే చోట ఉంది. గ్రానైట్ వేస్తారన్న లెక్కతో మేస్త్రీ రాయి మందం, దాని కింది సిమెంటు కలిపి 2 అంగుళాలు వదిలి మెట్లు పోసి ఉంటాడు. మీరు మధ్యలో మనసు మార్చుకుని అంగుళం మందం చెక్క వేశారు. కింద గదిలో, పైన హాల్లో టైల్స్ మాత్రం అనుకున్నట్టే 2 అంగుళాలు లేచాయి. ఫలితం ఏంటంటే మొదటి మెట్టు 6 అంగుళాలు, చివరి మెట్టు 8 అంగుళాలు, మధ్యలోవన్నీ 7. పాత ఇంట్లో ఉన్న రాతి మెట్ల మీదే చెక్క అతికిస్తే ఇదే తిరగబడి, మొదటిది 8, చివరిది 6 అవుతుంది. అలిపిరి దారిలో నడిచినవాళ్లకు దీని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ 3550 మెట్లలో కాలు ఒక వరసకు అలవాటు పడ్డాక ఒక్క మెట్టు తేడా వచ్చినా మోకాలు పట్టేస్తుంది. ఇంట్లో అయితే రాత్రిపూట, లైటు వెయ్యకుండా, మంచినీళ్ల చెంబుతో దిగేటప్పుడు తెలుస్తుంది.

కాబట్టి చెక్క మందం ముందే ఖాయం చేసుకుని, తక్కువ పడినంత మేర మెట్ల మీద సిమెంటు పూత పోయించండి. ఆ పూత ఆరడానికి టైం పడుతుందని ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఎంత కట్టె కావాలి

17 ఎత్తులు, మధ్యలో ఒక లాండింగ్ ఉంటే పలకలు 15. ఒక్కోటి 3 అడుగుల 3 అంగుళాల పొడవు, 11 అంగుళాల వెడల్పు అనుకుంటే మొత్తం సుమారు 45 చదరపు అడుగులు. డిపోలో లెక్క ఘనపు అడుగుల్లో ఉంటుంది, అదీ చిత్రిక పట్టకముందు ఉన్న మందానికి. ఒకటింపావు అంగుళం మందానికి 4.65 ఘనపు అడుగులు వస్తాయి. తరుగు 30 శాతం వేసుకోండి, 6 అవుతుంది. లాండింగ్ లెక్క వేరు.

అమెరికా కట్టె మందాన్ని పావు అంగుళాల్లో చెప్తారు. ఫోర్ క్వార్టర్ అంటే అంగుళం, ఫైవ్ క్వార్టర్ అంటే ఒకటింపావు, ఎయిట్ క్వార్టర్ అంటే రెండు. చిత్రిక పట్టాక మిగిలేది వరసగా సుమారు 20, 27, 44 మిల్లీమీటర్లు. కింద కాంక్రీటు ఉన్న మెట్టుకు 20 కూడా సరిపోతుంది కానీ నేను 27 తీసుకోమంటాను. ముందుకు పొడుచుకొచ్చే ముక్కుకు బలం ఉంటుంది, పదేళ్ల తర్వాత మళ్లీ గీకి పాలిష్ చెయ్యడానికి మందం మిగులుతుంది. ఇనుప ఫ్రేము మీద, కింద ఏ ఆధారమూ లేకుండా నిలబడే మెట్లయితే ఎయిట్ క్వార్టర్‌కి తగ్గొద్దు.

మెట్టుకు మెట్టుకు మధ్య నిలువు భాగానికి కూడా ఓక్ వేయించడం డబ్బు దండగ. టైలో, తెల్ల పెయింటో చాలు.

అది నిజంగా వైట్ ఓకేనా?

వైట్ ఓక్ అంటే క్వెర్కస్ ఆల్బా, ఉత్తర అమెరికా తూర్పు వైపు అడవుల చెట్టు. మన అడితుల్లో టేకు, వేప, మద్ది దొరికినంత సులువుగా దొరకదు. చెన్నై 135 కిలోమీటర్లే కాబట్టి అక్కడి పెద్ద డిపోలకు వెళ్లి రావడం మేలు. చిత్తూరు వాళ్లకు బెంగళూరు కూడా అందుబాటే. ఫోన్లో ఫోటో చూసి మాత్రం ఆర్డర్ పెట్టకండి. ‘ఓక్’ అన్న మాట కింద అమ్మేవి చాలా ఉన్నాయి. ఓక్ రంగు లామినేట్ అతికించిన ఎండీఎఫ్ (కట్టె పీచును జిగురుతో నొక్కి చేసిన) పలక, రబ్బరు చెట్టు చెక్క మీద పల్చటి ఓక్ పొర, రెడ్ ఓక్, యాష్ అనే వేరే చెట్టు కట్టె, అన్నీ పాలిష్ చేశాక అన్నదమ్ముల్లాగే కనిపిస్తాయి.

మొదటి పరీక్ష కొస. పలక పైన కనిపించే గీతలు కొస దగ్గర కిందికి మడిచినట్టు సాగాలి. పైన ఒక డిజైను, కొసలో ఇంకోటి ఉంటే అది అతికించిన పొర. రెండోది బరువు. 3 అడుగుల పొడవు, 11 అంగుళాల వెడల్పు, నిండు అంగుళం మందం ఉన్న ఆరిన వైట్ ఓక్ పలక 5 కిలోల దగ్గర తూగుతుంది. రబ్బరు చెక్క అయితే 4 దగ్గరే ఆగుతుంది.

రెడ్ ఓక్‌ని పట్టుకునే పద్ధతి భలే సరదాగా ఉంటుంది. నాలుగు అంగుళాల ముక్క ఒకటి అడిగి తీసుకోండి. ఒక కొస సబ్బు నీళ్లలో పెట్టి రెండో కొస నుంచి గట్టిగా ఊదండి. రెడ్ ఓక్ గొట్టాలు తెరిచి ఉంటాయి, స్ట్రాలో ఊదినట్టు బుడగలు వస్తాయి. వైట్ ఓక్ చేవలో, అంటే చెట్టు లోపలి ముదురు చెక్కలో, ఆ గొట్టాలు లోపల్నుంచే పూడుకుపోయి ఉంటాయి, మీ బుగ్గలు నొప్పి పుట్టడం తప్ప ఏమీ కాదు. విస్కీ, వైన్ పీపాలకు ఈ కట్టెనే వాడేది అందుకే, కారదు. ఇంకో గుర్తు, పలక ముఖం మీద నార వెంట సన్నటి ముదురు గీతలు కనిపిస్తాయి. రెడ్ ఓక్‌లో అవి అంగుళం లోపే ఆగిపోతాయి, వైట్ ఓక్‌లో తరచూ అంతకన్నా పొడుగ్గా ఉంటాయి. యాష్‌లో అవి కంటికి ఆనవు. సోడియం నైట్రైట్ కలిపిన నీళ్లు రాస్తే వైట్ ఓక్ కొన్ని నిమిషాల్లో ముదురు నీలం నలుపుకి తిరుగుతుంది, రెడ్ ఓక్ పెద్దగా మారదు. కానీ అది విషం. ఇంట్లో పిల్లలుంటే ఊదే పరీక్షతోనే సరిపెట్టుకోండి.

రెడ్ ఓక్ చెడ్డదేం కాదు. కట్టె గట్టిదనాన్ని కొలిచే జాంకా లెక్కలో వైట్ ఓక్‌ది 1360 పౌండ్లు, రెడ్ ఓక్‌ది 1290. లోపలి మెట్లకు పనికొస్తుంది. వైట్ ఓక్ ధర ఇచ్చి రెడ్ ఓక్ తెచ్చుకోకూడదు, అంతే. టేకు 1070 దగ్గర ఉంటుంది, అంటే మడమల కింద ఓక్‌కన్నా మెత్తన. కానీ చెదలకు, తేమకు ఆగడంలో టేకుదే పైచేయి. మీ తాతగారి ఇల్లు పడగొట్టినప్పటి టేకు దూలాలు ఎక్కడైనా ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి వాటిని కోత మిల్లుకు పంపండి, నేనేమీ అనుకోను. శేషాచలం పక్కనే ఉన్నాం కదా అని ఎవరైనా ఎర్రచందనం ముక్కలు చవగ్గా ఇప్పిస్తామంటే మాత్రం ఆ దారిలోనే వెళ్లకండి. అది జైలు దారి.

పలక కొస చదవడం నేర్చుకోండి

నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే. పలక కొస మీద చెట్టు వలయాలు విల్లుల్లాగా కనిపిస్తాయి. ఆ విల్లులు పలక వెడల్పు వెంట పడుకుని ఉంటే అది ఫ్లాట్ సాన్. పలక మందం వెంట నిటారుగా నిలబడి ఉంటే క్వార్టర్ సాన్. వాలుగా ఉంటే రిఫ్ట్ అంటారు. డిపోలో ముందు చూపించేది ఫ్లాట్ సానే. గుడి గోపురం ఆకారంలో గీతలు లేచి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దుంగలో వృథా తక్కువ కాబట్టి ధర కూడా తక్కువ.

కట్టె తేమ పీల్చినప్పుడు పొడవులో దాదాపు పెరగదు. పెరిగేదంతా వెడల్పులోనే. 280 మిల్లీమీటర్ల వెడల్పున్న వైట్ ఓక్ పలకలో తేమ 3 శాతం పెరిగితే ఫ్లాట్ సాన్ 3 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. క్వార్టర్ సాన్ అందులో సగం, ఒకటిన్నర. ఫ్లాట్ సాన్ టేకు కూడా ఒకటిన్నరే. అంటే వైట్ ఓక్ క్వార్టర్ సాన్ తీసుకుంటే కదలికలో మామూలు టేకుతో సమానం అవుతుందన్నమాట. 3 మిల్లీమీటర్లు ఒక లెక్కా అనిపిస్తుంది. వెనక గోడకు ఆనించి, కింద రాయిలాంటి జిగురుతో బిగించిన పలకకు ఆ మూడు పోవడానికి చోటు ఉండదు. పైకే లేస్తుంది.

నా సలహా ఇది. ఒకే వెడల్పాటి పలక కోసం వెతకొద్దు. 3, 4 అంగుళాల పట్టీలు మూడు నాలుగు పక్కపక్కన అతికించి మెట్టు పలక చేయించండి. దీనివల్ల మొత్తం సాగుడు తగ్గదు, కానీ పడవలాగా లేవడం బాగా తగ్గుతుంది. పట్టీలు ఏరేటప్పుడు కొసలో వలయాలు నిటారుగానో, కనీసం వాలుగానో ఉన్నవే తీసుకోండి. మొత్తం క్వార్టర్ సాన్ కొనే స్తోమత ఉంటే సంతోషం. దాని మీద పులిచారల్లాంటి మెరుపు మరకలు వస్తాయి, అవి లోపం కాదు. నచ్చనివాళ్లు రిఫ్ట్ అడగండి.

పట్టీలు మెట్టు పొడవంతా ఒకే ముక్కగా ఉండాలని గట్టిగా చెప్పండి. లేకపోతే వేళ్లలో వేళ్లు పెట్టినట్టు చిన్న ముక్కలు జోడించిన ఫింగర్ జాయింట్ పలకలు వస్తాయి. కాంక్రీటు మీద బలానికి ఢోకా ఉండదు, కంటికి మాత్రం అతుకుల బొంతే.

తేమ: మీటరు కొనండి, ముహూర్తాన్ని ఆపండి

30 డిగ్రీల వేడిలో గాలి తేమ 50 శాతం ఉంటే కట్టెలో తేమ 9 శాతం దగ్గర స్థిరపడుతుంది. గాలి తేమ 75కి పెరిగితే కట్టెలో 14 దగ్గరికి చేరుతుంది. మనకు మే నెలలో ఎండ 40 దాటుతుంది, అసలు వానలేమో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కట్టె ఏడాదిలో ఈ రెండింటి మధ్య ఊగుతూ ఉంటుంది. అమెరికాలో బట్టీలో ఆరబెట్టి 6 నుంచి 8 శాతానికి తెస్తారు. అక్కణ్ణించి ఓడలో, డిపోలో అది ఎంత పీల్చుకుందో మీటరు పెడితే గానీ తెలియదు.

రెండు సూదులుండే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. పలక కొసలో కాదు, మధ్యలో గుచ్చి చూడండి, కొసలు ఎప్పుడూ ముందు ఆరిపోతాయి. 9 నుంచి 11 మధ్య ఉంటే మన ఊరికి సరిగ్గా సరిపోతుంది. అంతకన్నా ముఖ్యం, పలకకూ పలకకూ 2 శాతం కన్నా తేడా ఉండకూడదు. డిపో అతను ‘ఏం కాదు సామీ, అంతా కిల్న్ డ్రైయే’ అంటాడు, అంటే బట్టీలో ఆరబెట్టిందేనని. నవ్వి, గుచ్చండి.

ఇంటికి తెచ్చాక ప్లాస్టరు, పెయింటు ఆరిన గదిలో, పలకకూ పలకకూ మధ్య బద్దలు పెట్టి గాలి ఆడేలా పేర్చండి. రెండు మూడు వారాలు వదిలెయ్యండి. వారానికోసారి మీటరుతో చూసి అంకె కదలడం ఆగాకే ఆచారిని పిలవండి. కాంక్రీటు మెట్టు ఆరిందో లేదో చూడాలంటే అడుగున్నర చదరం ప్లాస్టిక్ కవరు తీసుకుని నాలుగు అంచులా టేపుతో అతికించి మర్నాడు చూడండి. కింద చెమట పట్టినా, సిమెంటు రంగు ముదిరినా ఇంకా ఆరలేదు. నా మూడు పలకలకు పై నుంచి ముసురు సగం కారణమైతే, కింది నుంచి పచ్చి సిమెంటు మిగతా సగం. అప్పుడు మాకు గృహప్రవేశం ముహూర్తం టెన్షన్. వచ్చినవాళ్లు భోజనాల గురించి మాట్లాడారు గానీ మెట్ల గురించి ఒక్కరూ అడగలేదు. ఉత్త సిమెంటు మెట్లతోనే పాలు పొంగించుకోండి, చెక్క తర్వాత వేసుకోవచ్చు.

ఏరేటప్పుడు ఇంకొన్ని

లేత తెల్లటి పైచెక్క ఉన్న పట్టీలు పక్కన పెట్టండి. చెక్కను తొలిచి పిండి రాల్చే పురుగుకు ఓక్‌లో ఇష్టమైన భాగం అదే, పిండిపదార్థం అందులోనే ఉంటుంది. గోధుమ రంగు చేవ కావాలి. సూది మొన అంత రంధ్రాలు, వాటి కింద పొడి కనిపిస్తే ఆ లాటే వద్దు. చిన్న ముడులు పర్వాలేదు, మెట్టు ముక్కు దగ్గర మాత్రం ఉండకూడదు. పలకను చదునైన నేల మీద పెట్టి నాలుగు మూలలా నొక్కండి. మెలి ఉంటే టకటక కొట్టుకుంటుంది.

బిగించేటప్పుడు ఆచారికి చెప్పాల్సినవి

మన ఆచారులకు టేకు మీద ఉన్న అనుభవం ఓక్ మీద ఉండకపోవచ్చు. ఒక్క సంగతి ముందే చెప్పకపోతే పని మొత్తం పాడవుతుంది. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. ఇనుము, తడి తగిలితే సిరా పోసినట్టు నల్లగా అవుతుంది. ఇనుప మేకులు వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడాలి. ఉక్కు పీచుతో రుద్దకూడదు. పక్క గదిలో గ్రిల్ కోస్తుంటే ఆ పొడి ఎగిరి పలకల మీద పడకుండా కప్పాలి. తడి ఇనప బకెట్ రాత్రంతా మెట్టు మీద ఉంటే పొద్దునకి నల్లటి ఉంగరం వస్తుంది. ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లతో పోతుంది, గ్లవ్స్ వేసుకుని చెయ్యండి.

జిగురు ఆరాక రాయిలా బిగుసుకునేది కాకుండా కాస్త సాగే పాలీయురేథేన్ జిగురు అడగండి. వెనక వైపు 3 మిల్లీమీటర్ల సందు వదిలి దాన్ని నిలువు టైలు కింద దాచమనండి. ముక్కు 20 నుంచి 25 మిల్లీమీటర్లు ముందుకు వస్తే చాలు, అంచు గుండ్రంగా తిప్పాలి.

పాలిష్ పలకకు ఆరు వైపులా పడాలి, కింది వైపు కూడా. ‘కింద ఎవరు చూస్తారు సార్’ అంటారు. తేమ చూస్తుంది. లేత రంగు అలాగే ఉండాలంటే నీటితో కలిపే పీయూ (పాలీయురేథేన్) పాలిష్, అదీ మెరుపు లేని మ్యాట్. నూనె ఆధారంగా ఉండేది పసుపు రంగుకు తిరుగుతుంది. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం, స్నానం చేసిన తడి కాళ్లతో దిగుతాం. కాబట్టి మెరుపు పాలిష్ వద్దు, కాలు జారకుండా ముక్కు దగ్గర రెండు సన్నటి గాడులు కొట్టించండి.

మొదటి మెట్టు

ఏ కేటలాగ్‌లోనూ ఉండని సమస్య ఒకటుంది. శుక్రవారం, పండగ రోజు మొదటి మెట్టుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం మన ఇళ్లలో మామూలే. కార్తీకంలో దీపం కూడా. లేత ఓక్ మీద పసుపు పడితే ఎండ తగిలే చోటైతే మెల్లగా వెలుస్తుంది, కుంకుమ రంగు, నూనె నారలోకి దిగితే అంత తేలిగ్గా పోవు. పైగా నేల తుడిచే నీళ్లన్నీ ఆ మెట్టు అడుగుకే చేరతాయి, చెదలు ఎక్కేదీ నేల నుంచే.

మా ఇంట్లో రెండోసారి వేసినప్పుడు మొదటి మెట్టుకు గ్రానైట్ పరిచి, రెండో మెట్టు నుంచి ఓక్ మొదలుపెట్టాం. రాయి కింద సిమెంటు ఎంత ఉండాలో లెక్కేసి ఎత్తు తేడా రాకుండా చూశాడు మేస్త్రీ. ముదురాకుపచ్చ రాయి మీద నుంచి లేత చెక్క లేవడం చూసి, కావాలనే చేయించిన డిజైన్ అనుకుంటారు చుట్టాలు. మేమూ అవునంటాం.

పని అయ్యాక మిగిలిన పట్టీల్లో మంచివి రెండు, పాలిష్ వెయ్యకుండా, అటక మీద పడుకోబెట్టి ఉంచండి. ఎప్పుడైనా ఒక మెట్టు మార్చాల్సి వస్తే ఆ లాటు రంగు మళ్లీ చెన్నైలో దొరకదు.